కాలువ గట్టే కోచ్!

నిజామాబాద్ నుంచి బోధన్‌కు సుమారు పాతిక కిలోమీటర్లు. బస్సెక్కితే ముప్పావు గంట. అదే దూరం కాళ్లతో కొలవాలంటే మాత్రం నెలల తరబడి తయారవ్వాలి. ఆ తయారీ ఎలాగో ఇక్కడి చెరుకు చేలు, కాలువ గట్లే చెబుతాయి.

తెల్లవారుజామున నాలుగున్నర అయిందంటే నిజామాబాద్ మైదానాల్లో అలికిడి మొదలవుతుంది. వీధిదీపాలు ఇంకా ఆరవు. టీ కొట్టు ముందు అప్పుడే నీళ్లు చల్లుతుంటారు. ఆ మసక చీకట్లో కుర్రాళ్లు గుంపులు గుంపులుగా మైదానం చుట్టూ తిరుగుతుంటారు. ఒకరి చేతిలో స్టాప్‌వాచీ, మరొకరి నోట్లో విజిల్. "ఉరుకు... ఉరుకు... ఇంకొక్క రౌండే!" అంటూ కేకలు.

తెలంగాణలో పరుగును ఉరుకుడు అంటారు. ఇందూరు కుర్రాళ్ల ఉరుకుడు చాలావరకు కొలువు కోసమే. పోలీసు ఉద్యోగమో, సైన్యమో... ఏదో ఒక యూనిఫాం. దానికి కారణం లేకపోలేదు. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో అది ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు వేసిన మడుల్లో చాలాచోట్ల ఇప్పుడు వరి కనిపిస్తుంది. ఊళ్లో పని దొరకని కుర్రాడి ముందు రెండే దారులు. ఒకటి గల్ఫ్ విమానం, రెండోది మైదానం.

అందుకే ఈ ప్రాంతంలో పరుగంటే సరదా కాదు. ఇంటిల్లిపాదీ పెట్టుకున్న ఆశ. మరి ఆ ఆశను మోసే కాళ్లను సరిగ్గా తయారు చేసుకుంటున్నారా?

నాలుగు రౌండ్ల లెక్క

ఉమ్మడి రాష్ట్రంలో పోలీసు దేహదారుఢ్య పరీక్షకు 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. తెలంగాణ వచ్చాక 2015 నోటిఫికేషన్‌లో దాన్ని తీసేసి మగవాళ్లకు 800 మీటర్లు పెట్టారు. 2022 నోటిఫికేషన్‌లో అది 1600 మీటర్లయింది. పురుషులు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. మహిళలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు.

ఈ అంకెల్ని కాస్త విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండుకు దొరికే సమయం 1 నిమిషం 48 సెకన్ల పైచిలుకు. ప్రాణం పెట్టి పరుగెత్తాల్సిన వేగమేమీ కాదిది. కానీ విజిల్ మోగగానే జరిగేదేమిటి? అందరికంటే ముందుండాలన్న తొందరలో మొదటి రౌండు నిమిషం ఇరవైకే లాగించేస్తారు. రెండో రౌండులో రొప్పు, మూడో రౌండులో డొక్కలో పోటు, నాలుగో రౌండులో నడక! ఓడిపోయింది కాళ్లలో బలం లేక కాదు. మొదటి నిమిషంలో ఓపిక లేక.

సాధనలోనూ అదే తొందర. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టడం, రోజూ ఉన్న బలమంతా ఉపయోగించి ఉరకడం. మూడో వారానికల్లా పిక్క ముందుభాగంలో, ఎముక వెంబడి నొప్పి. పట్టీ చుట్టుకుని మళ్లీ మైదానానికి. ఆ నొప్పిని లెక్కచేయకపోతే ఎముకకు సన్నని చీలిక వచ్చే ప్రమాదం కూడా ఉంది. తీరా పరీక్ష రోజుకు కాలు కదలదు.

బూట్ల ఫ్యాక్టరీ పాఠం

దీనికి మందు అరవై ఏళ్ల కిందటే దొరికింది. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన ఉండేవాడు. బూట్ల ఫ్యాక్టరీలో పని. పొద్దున్నే లేచి తన మీదే ప్రయోగాలు చేసుకుంటూ ఎంత దూరం, ఎంత వేగంతో పరుగెత్తితే శరీరం గట్టిపడుతుందో కనిపెట్టాడు. తర్వాత చుట్టుపక్కల కుర్రాళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్లలో పీటర్ స్నెల్ ఒకడు. అతని పందెం 800 మీటర్లు... అంటే ట్రాక్ మీద రెండే రౌండ్లు. అలాంటివాడిని లిడియార్డ్ ఆదివారం వస్తే కొండదారిలో 22 మైళ్లు, అంటే 35 కిలోమీటర్లు పరుగెత్తించేవాడు!

రెండు రౌండ్ల పందేనికి 35 కిలోమీటర్లా అని విన్నవాళ్లు నవ్వే ఉంటారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అదే రోజు లిడియార్డ్ మరో శిష్యుడు ముర్రే హాల్‌బెర్గ్ 5000 మీటర్ల స్వర్ణం అందుకున్నాడు. ఇంకో శిష్యుడు బారీ మాగీకి మారథాన్‌లో కాంస్యం. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో స్నెల్ 800తో పాటు 1500 మీటర్లూ గెలిచాడు.

ఇందులో కిటుకు పెద్దదేం కాదు. నెమ్మదిగా ఎక్కువ దూరం పరుగెత్తితే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. ఎముకలూ కీళ్లూ మెల్లగా అలవాటు పడతాయి. ఆ పునాది మీద వేగం చివర్లో కట్టుకోవచ్చు. పునాది లేకుండా వేగమే కట్టబోతే పిక్కనొప్పి మిగులుతుంది. అంటే మారథాన్‌కు తయారయ్యే పద్ధతే నాలుగు రౌండ్ల పరీక్షకూ పనికొస్తుందన్నమాట.

ఎంత నెమ్మదిగా? పక్కనున్నవాడితో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా. రెండు వాక్యాలు మాట్లాడేసరికి ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టే. వారంలో ఎక్కువ రోజులు ఇలాగే సాగాలి. గట్టిగా ఉరకడం ఒకటి రెండు రోజులకు మించకూడదు.

కొలబద్ద ఈ దారే

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఈ దూరం పరుగెత్తారు, 1921లో అదే ప్రమాణంగా ఖాయమైంది. ఇందూరువాసులకు ఈ దూరం అర్థం కావాలంటే పటం అక్కర్లేదు. పట్టణం నుంచి బోధన్ దారిలో అశోక్‌సాగర్ దాకా వెళ్లి వస్తే సుమారు 14 కిలోమీటర్లు. ఇంకాస్త ముందుకెళ్లి అలీసాగర్ చూసి తిరిగొస్తే హాఫ్ మారథాన్‌కు అటూ ఇటూగా ఉంటుంది. బోధన్ దాకా ఉరికి, వెనక్కి తిరిగి, ఎడపల్లి, జానకంపేట దాటి మళ్లీ అశోక్‌సాగర్ దరిదాపులకు వస్తే ఇంచుమించు పూర్తి మారథాన్!

ఈ దూరాలకు కాళ్లు తయారుచేసుకోవడానికి చెరుకు సీమకు దొరికిన వరం నిజాంసాగర్ కాలువ. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజినీరుగా ఉన్న కాలం. కాలువలో నీళ్లు వాటంతటవే పారాలంటే నేల వాలు సన్నగా, ఒకే తీరుగా ఉండాలి. అందుకే కాలువ గట్టు కూడా ఎగుడుదిగుడుల్లేకుండా సాగిపోతుంది. తొంభై ఏళ్ల పైచిలుకు కిందట నీళ్ల కోసం సరిచూసిన ఆ వాలే ఇవాళ పరుగుకు కొలత. మొదటి కిలోమీటరు, పదో కిలోమీటరు ఒకే వేగంతో సాగడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి ఉండదు. పైగా మట్టిదారి. తారురోడ్డంత కటువుగా పాదాలకు తగలదు.

ఎత్తులు అలవాటు కావాలంటే అలీసాగర్ గుట్ట ఉంది. డిచ్‌పల్లి ఖిల్లా రామాలయం మెట్లున్నాయి. పట్టణం పక్కనే మల్లారం అడవి దారి ఉంది. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు వెళ్లదలచుకున్నవాళ్లు ఈ ఎత్తుల్ని వదలకూడదు. 2011లో మొదలైన ఆ పందెం ఫ్లైఓవర్ల మీదుగా ఎక్కుతూ దిగుతూ సాగుతుంది. కాలువ గట్టు మీదే తయారైన కాళ్లకు అక్కడ చుక్కలు కనిపిస్తాయి.

గట్టు మీద జాగ్రత్తలూ ఉన్నాయి. వానాకాలం జారుడు, పాములు. వెలుతురు వచ్చాకే అటు వెళ్లడం మంచిది. రోడ్డు మీదైతే కుడివైపున, ఎదురొచ్చే వాహనాలు కనిపించేలా పరుగెత్తాలి. వెనక లైట్లు లేని ట్రాక్టర్లు, లోడుతో ఊగుతూ వచ్చే లారీలు తెల్లవారుజామున మామూలే. లేతరంగు చొక్కా, చేతిలో చిన్న టార్చి ఉంటే నష్టం లేదు.

చెరుకు చెప్పే క్యాలెండరు

చెరుకు దాదాపు పన్నెండు నెలల పంట. తొందరపెడితే తీపి రాదు. తడి సరిగా పెడుతూ గడ ఎదగనివ్వాలి. చలి మొదలయ్యాక ఎదుగుదల తగ్గి గడలో చక్కెర చేరుతుంది. కోతకు కొన్ని వారాల ముందు నీళ్లు తగ్గిస్తారు. దూరపు పరుగు కూడా అచ్చంగా ఇలాంటి పంటే.

కొత్తవాళ్లకు మొదటి నెల దుక్కి దున్నడం లాంటిది. ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. వారానికి నాలుగు రోజులు చాలు. ఆగకుండా ఐదు కిలోమీటర్లు వెళ్లగలిగాక ఆదివారం దూరాన్ని కిలోమీటరు, రెండు కిలోమీటర్లు చొప్పున పెంచాలి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించాలి. కండరం గట్టిపడేది పరుగులో కాదు, ఆ తర్వాత దొరికే విశ్రాంతిలో. ఇలా నాలుగు నెలలు చేస్తే ఆదివారం దూరం 18 కిలోమీటర్లకు చేరుతుంది. మొదటి ఏడాదికి హాఫ్ మారథాన్‌తో సరిపెట్టుకోవడమే తెలివైన పని. ఫుల్ మారథాన్ రెండో ఏటి పంట. దానికి ఆదివారం దూరం 30, 32 కిలోమీటర్ల దాకా పోవాలి. అదీ పందేనికి మూడు వారాల ముందే ముగియాలి. ఆ తర్వాత దూరం తగ్గించుకుంటూ రావాలి. కోతకు ముందు చేనుకు నీళ్లు తగ్గించినట్టే!

ఏ పందేనికి తయారవ్వాలన్నది కూడా ఆలోచించాల్సిన సంగతే. హైదరాబాద్ పందెం ఆగస్టులో కాబట్టి తయారీ ఏప్రిల్, మే ఎండల్లో మొదలుపెట్టాలి. ముంబయి మారథాన్ జనవరి మూడో ఆదివారం. దానికి తయారీ సెప్టెంబరులో మొదలై చెరుకు కొట్టే చలికాలంలో ముగుస్తుంది. నిజామాబాద్ మీదుగా ముంబయికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎలాగూ ఉంది. ఇక్కడి కొత్త రన్నర్లకు చలికాలపు తయారీయే హాయి.

ఎండతో చెలగాటం వద్దు

మే నెలలో ఇందూరు ఎండ 44, 45 డిగ్రీలకు చేరడం కొత్తకాదు. రాత్రుళ్లు కూడా సెగ తగ్గదు. అలాంటి రోజుల్లో ఐదింటికి ముందే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. వేడికి శరీరం అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందాకా దూరం, వేగం రెండూ తగ్గించుకోవాల్సిందే. తల తిరగడం, ఒళ్లు జలదరించడం, మాట తడబడడం... వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపెయ్యాలి. నీడకు చేర్చి ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చూసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మగతలో ఉన్నవాళ్లకు బలవంతంగా నీళ్లు తాగించకూడదు.

అలాగని లీటర్ల కొద్దీ మంచినీళ్లు తాగేయడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదాని కంటే తక్కువగా కనిపించింది. చాలామంది పరుగులో ఉన్నంతసేపూ అతిగా తాగడమే దానికి ముఖ్య కారణం. దాహం వేసినప్పుడు కొద్దికొద్దిగా తాగాలి. గంట దాటే పరుగులో ఓఆర్‌ఎస్ నీళ్లు దగ్గరుంచుకోవాలి. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉండనే ఉంది.

షుగర్ బెల్టులో షుగర్ జబ్బుకు కొదవలేదు. మధుమేహం, బీపీ ఉన్నవాళ్లు, నలభై దాటాక కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. అప్పటిదాకా నడకతో మొదలుపెట్టినా తప్పులేదు.

భీముడి బండెడన్నం

పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం తమ బోధనేనని ఇక్కడివాళ్ల నమ్మకం. బకాసురుడికి బండెడన్నం తోలుకెళ్లిన భీముడు, రాక్షసుడి కళ్లముందే దాన్నంతా తానే తినేసి ఆ తర్వాత యుద్ధానికి దిగాడు. నేటి మారథాన్ రన్నర్లు పందేనికి ముందు చేసేది ఇంచుమించు ఇదే! కండరాల్లో, కాలేయంలో దాగే పిండిపదార్థపు నిల్వ 30 కిలోమీటర్ల దరిదాపుల్లో అడుగంటుతుంది. కాళ్లు సీసంలా బరువెక్కుతాయి. దాన్ని వెనక్కి నెట్టడానికే పందేనికి రెండు మూడు రోజుల ముందు నుంచి అన్నం, రొట్టె కాస్త ఎక్కువగా తినమంటారు. భీముడంత అక్కర్లేదు లెండి!

దీనికి ఖరీదైన డబ్బాలేం కావాలి? జొన్నరొట్టె, పప్పు, పెరుగన్నం ఉన్న ఇంట్లో సగం పని అయిపోయినట్టే. పరుగుకు గంట ముందు ఒక అరటిపండు. దారిలో బెల్లం ముక్క. లాంగ్ రన్ అయ్యాక గుడ్లు, పప్పు. ఆదివారం మధ్యాహ్నం అంకాపూర్ నాటుకోడి కూర తెప్పించుకున్నా ఎవరూ కాదనరు. కాకపోతే ముందురోజు రాత్రి మాత్రం వద్దు. ఆ కారం తెల్లవారాక కాలువ గట్టు మీద లెక్క అడుగుతుంది.

ఆడపిల్లల అడుగులు

మైదానంలో అమ్మాయిలు ఇప్పటికీ తక్కువే. పోలీసు పరీక్షకు తయారయ్యేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వస్తారు. గేటు దగ్గర నాన్నో, అన్నో బండి మీద కూర్చుని ఉంటారు. చీకటి, కుక్కలు, నలుగురి చూపులు... వాళ్ల సాధనలో ఇవి అదనపు రౌండ్లు.

కానీ ఈ జిల్లా ఆడపిల్లలు ఏం చేయగలరో ప్రపంచం చూసేసింది. నిఖత్ జరీన్ ఆటల్లోకి వచ్చింది పరుగు పందేలతోనే. తండ్రి జమీల్ అహ్మద్ ఆమెను మైదానానికి తీసుకెళ్లాడు. తర్వాత బాక్సింగ్ చేపట్టి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇద్దరి వెనకా ఏళ్ల సాధన, వెంట నిలబడ్డ పెద్దలు ఉన్నారు. గేటు దగ్గర కూర్చున్న నాన్న తానూ బూట్లు కట్టుకుని రెండు రౌండ్లు వేస్తే ఆ అమ్మాయికి అంతకంటే ధైర్యం ఏముంటుంది?

కొలువు వచ్చాక?

సెలెక్షన్లు ముగిసిన మర్నాడు మైదానం సగం ఖాళీ అవుతుంది. ఉద్యోగం వచ్చినవాడు ట్రైనింగుకు వెళ్లిపోతాడు. రానివాడు బూట్లు అటక మీద పెట్టేస్తాడు. రెండేళ్లు తెల్లవారుజామున లేచి సంపాదించుకున్న గుండె బలం ఆరు నెలల్లో కరిగిపోతుంది. నిజానికి ఓడిపోయానని ఇంటికెళ్లేవాడి దగ్గర కూడా ఒక ఆస్తి ఉంటుంది. నాలుగు రౌండ్లు ఉరికే కాళ్లు అవి. వాటికి నెమ్మది నేర్పితే అలీసాగర్ దాకా తీసుకెళ్తాయి. వచ్చే నోటిఫికేషన్ నాటికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే బాధ ఉండదు. పంతొమ్మిదేళ్ల వాడికి వయసు ఇంకా చాలా ఉంది. ఆ కాళ్లు యాభై ఏళ్ల వరకూ పనికొస్తాయి.

చెరుకు రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. గడ కొట్టేశాక మొదళ్లను పీకేయడు. తడి పెట్టి వదిలేస్తాడు. కొద్దిరోజుల్లో ఆ మొదళ్ల నుంచే పిలకలు లేస్తాయి. అదే కార్శి తోట. కొత్త విత్తనం ఖర్చు లేకుండా రెండో పంట! పరుగు కూడా అంతే. పందెం అయ్యాక రెండు వారాలు విశ్రాంతి. ఆ తర్వాత మళ్లీ కాలువ గట్టు మీద నెమ్మదిగా, కబుర్లు చెప్పుకుంటూ మూడు కిలోమీటర్లు... పిలక వేయడానికి ఆ మాత్రం తడి చాలు.